పాట ఆగే చోటు

మొన్న మక్తల్‌లో నా స్కూటీ పంక్చరైంది. బస్టాండు దగ్గరి దుకాణం ఆయన ట్యూబు బయటికి లాగి, గీకి, సొల్యూషన్ పూశాడు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలిందో లేదో, నేను అక్కడ లేను. సాయంత్రపు పసుపు వెలుగు, జొన్నచేల మీదుగా వచ్చే గాలి, మా ఊరి పంచాయతీ ఆఫీసు అరుగు. ఆ అరుగు మీద హార్మోనియం పెట్టెను వెనక్కి తిప్పుకొని, దాని గాలి తిత్తికి సైకిల్ ట్యూబు ముక్క అతికిస్తున్న మా సారు. "అక్కా, అయిపోయింది" అని దుకాణం ఆయన రెండుసార్లు పిలిచాడట. నాకు వినపడితే కదా!

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సారు మా ఊరికి వచ్చారు. అప్పుడు ఊరూరా ఆడవాళ్ల కోలాటం జట్లు పుట్టుకొస్తున్నాయి. మేమూ పదహారుమందిమి పోగై, నేర్పడానికి మక్తల్ నుంచి ఆయనను పిలిపించుకున్నాం. నేను అంగన్‌వాడీ టీచర్ని. రోజంతా పిల్లలకు పాటలు చెప్పే నోరు కదా అని జట్టుకు ముందు పాడే పని నా నెత్తిన పెట్టారు. సారు సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ లేని తెల్ల లాల్చీ. రాముడి పాటలూ నేర్పేవారు, పీర్ల పండుగ పాటలూ నేర్పేవారు. ఏది మొదలుపెట్టినా ముందు రెండు చెవులూ పట్టుకొని తన గురువును తలుచుకునేవారు.

"మా కిష్టయ్య పంతులు కట్టిన పాట ఇది. ఇందుల నాది ఒక్క ముక్క గూడ లేదు. నేను మోసుకొచ్చెటోన్ని, గంతే" అనేవారు. ఆ హార్మోనియం కూడా పంతులు పోతూ పోతూ ఆయన చేతిలో పెట్టిందే. కిష్టయ్య పంతులును మాలో ఎవరమూ చూడలేదు. అయినా నెల తిరిగేసరికి ఆయన మా ఇంటి పెద్దాయనలా అయిపోయాడు.

మాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట మబ్బును పిలిచేది. "వాగు దాటి రావే మబ్బుల పిల్లా" అని మొదలవుతుంది. "వాగు దాటి" దగ్గర స్వరం పైకి పోయి పొడుగ్గా సాగుతుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి తిత్తి చిల్లులోంచి గాలంతా పోయి పెట్టె మూగబోయేది. సారు ఒక చెయ్యి పైకెత్తేవారు. మేము కోలలు గాలిలో పట్టుకొని నిలబడేవాళ్లం. ఆయన రెండుసార్లు తిత్తి ఊది గాలి నింపాక "రావే" అని అందుకునేవాళ్లం. ఆ క్షణం ఎంత బాగుండేదో ఎలా చెప్పను! పదహారుమందిమి ఊపిరి బిగబట్టి ఉంటే, నిజంగానే ఎవరో వాగు దాటుతున్నట్టు ఉండేది. అతుకులు ఎన్ని వేసినా వారానికోసారి ఊడిపోయేవి.

ఒకరోజు సారు పెళ్లికొడుకులా నవ్వుకుంటూ బస్సు దిగారు. రాయచూరులో తిత్తికి కొత్త తోలు వేయించారట. పాట ఎత్తుకున్నాం. "వాగు దాటి" అని మేమందరం టక్కున ఆగిపోయాం. సారు ఆగలేదు. ఆయన దారిన ఆయన పోతున్నారు. ఆ కంగారులో సగంమంది కదిలారు, సగంమంది కదల్లేదు. నా కోల పోయి మా వదిన వెంకటమ్మ వేలికి తగిలింది.

"అమ్మో, నా ఏలు! నీ చేతులు ఇరగ!" అని ఆమె అరిచింది.

సారు వాయించడం ఆపి, పొట్ట పట్టుకొని నవ్వారు. "అరె! నేను నేర్పింది పాట. మీరు నేర్సుకున్నది నా తిత్తి చిల్లా?"

అందరం పడీపడీ నవ్వాం. కానీ కాసేపటికి ఆయన ముఖం చిన్నబోయింది. "గట్ల గాదు బిడ్డా. పంతులు ఆడ ఆపలేదు. ఆయన పాటను ఆయన కట్టినట్లే పాడాలె" అన్నారు. పదిరోజులు పట్టుబట్టి దిద్దారు. కాళ్లు వింటేగా! అక్కడికి రాగానే వాటంతట అవే నిలిచిపోయేవి.

తర్వాత మా జట్టు ఆడపిల్లలు పెళ్లిళ్లయి వెళ్లినచోటల్లా ఆ పాట వెళ్లింది, ఆగడంతో సహా. టౌను నుంచి వచ్చినవాళ్లెవరో మా ఆట వీడియో తీసి ఫోన్లలోకి ఎక్కించారు. కింద "జానపదం" అని రాశారు. పంతులు పేరు లేదు, సారు పేరు లేదు. నాకు ఒళ్లు మండింది. ఫోను పట్టుకొని మక్తల్‌లో సారు ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు. దవాఖాన నుంచి వచ్చి మంచం మీదే ఉన్నారు. వీడియో మొత్తం కళ్లు మూసుకొని విన్నారు.

"మీ పేరు ఏడా లేదు సారూ" అన్నాను.

"నా పేరుకేమైతది బిడ్డా. పాటనే ఖరాబైంది. ఇంతమంది ఆగుతున్నరు జూడు. నా చేతులల్లనే ఖరాబైంది."

"అయితే పంతులు పాడినట్లు ఒక్కసారి పాడున్రి. నేను రికార్డు చేసి అందరికి పంపుత."

లేచి కూర్చున్నారు. చెవులు పట్టుకున్నారు. "వాగు దాటి" అని ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అక్కడే ఆగారు. నాకేసి చూశారు. ఆ కళ్లలో భయం నేను మరిచిపోలేను.

"పంతులు ఎట్ల పాడెనో నాకే యాదికొస్తలేదు" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనే తేరుకొని నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క మాట ఇయ్యి. ఏడ పాడినా పంతులు పేరే చెప్పు. నా పేరు చెప్పకు. చెడగొట్టినోని పేరెందుకు?"

ఆ స్థితిలో ఉన్న మనిషిని కాదనలేక సరేనన్నాను. ఆ చలికాలంలోనే ఆయన పోయారు.

మాట నిలబెట్టుకున్నాను. ఎన్ని వేదికలెక్కినా కిష్టయ్య పంతులు పేరే చెప్పాను. నేను కంటితో చూడని మనిషికి జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చుని నేర్పిన మనిషి మాత్రం ఒక్కో సభలో ఇంకొంచెం చెరిగిపోతూ వచ్చారు. మొన్నీమధ్య ఒక కొత్త జట్టు పిల్ల నన్ను అడిగింది: "మేడం, ఈడ ఆగుడు ఎంత మంచిగుంది! గిది ఎవరు పెట్టిన్రు?" నోటిదాకా వచ్చింది. మింగేశాను. "ముందటినుంచి గంతే" అన్నాను. పాట చెడిందని ఆయన అనుకుంటూ పోయారు. జనానికి మాత్రం అదే ఆ పాటకు ప్రాణం. ఈ సంగతి ఆయనకు చెప్పేదెవరు?

సారూ, మాట తప్పుతున్నాను, కోపం చేసుకోకండి. ఆయన పేరు మహబూబ్ సాబ్. ఊర్లల్లో మైబు సారు అనేవాళ్లు. అక్కడ ఆగడం నేర్పింది ఆయనే.