గడప బయటి బూట్లు

మా పెదనాయన పోయాడు. శుక్రవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ చేసిన నర్సమ్మది గోదావరి జిల్లా. "మీ పెద్దాయన ఇక లేరండీ" అని తెలుగులోనే చెప్పింది. లివర్ పాడైందన్నారు. ఎందువల్లో ఎవరూ చెప్పలేదు. భయమేసి నేనూ అడగలేదు.

కువైట్ ఎడారిలో యుద్ధం నాటి మందుపాతరలు తీసేసిన చోట మట్టి తవ్వి, పరీక్షకు సంచుల్లో నింపడం ఆయన పని. మహబూలాలో మా ఫ్లాట్‌లోనే పక్కగదిలో ఉండేవాడు. డ్యూటీ నుంచి రాగానే బూట్లు గడప బయటే విడిచి, ఎవరినీ తాకకుండా స్నానానికి పోయేవాడు. ఆ బట్టలకు వేరే బకెట్. మీకు నవ్వు రావచ్చు, మేమూ నవ్వాం.

"మడి కట్టుకున్యావా పెద్నాయనా?" అని ఆటపట్టించేదాన్ని.

"బాంబు తీసేస్తే పోయిందనుకుంటారు మ్మే. మట్టి తాగిన పేలుడు మందు యాడికి పోతాది? సైటులో రోజూ చెప్తానే ఉంటారు" అనేవాడు.

నేను కడుపుతో ఉన్నప్పుడు ఏదీ సహించేది కాదు, గోంగూర తప్ప. మా ఆయన ట్యాంకర్‌లో ఆ సైటుకే నీళ్లు తోలేవాడు. అక్కడి మెత్తని మట్టి గోతంలో తెచ్చి, పెయింటు డబ్బాల్లో గోంగూర వేశాడు. ఏపుగా వచ్చింది. పప్పు చేసి ముద్ద కలిపాను.

తల తుడుచుకుంటూ వచ్చిన పెదనాయన బాల్కనీలో డబ్బాలు చూశాడు.

"ఈ మట్టి యాడిదిరా?"

మా ఆయన ఖాళీ గోతం చూపించాడు. "మీ సైటుదే మామా. బాంబులన్నీ ఏరేసినారు గదా."

ముద్ద నోటి దాకా వచ్చింది. పెదనాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మింగొద్దు మ్మే! ఇంతకుముందు తిన్యావా? నిజం చెప్పు!"

"లేదు పెద్నాయనా."

కింద పడ్డ మెతుకు కూడా ఏరుకు తినే మనిషి, గిన్నెడు పప్పునూ సంచిలో బోర్లించి మూతి కట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. "ఆ మందు ఆకులోకి ఎక్కిందో లేదో నీకేం తెలుసు?" అని అరిచాను.

"తెలీదు. తెలీకనే వద్దంటాండా."

ఆ తర్వాత నా ప్రతి స్కానింగ్‌కీ వచ్చి, ఆసుపత్రి మెట్ల మీదే కూర్చునేవాడు. పాప నిక్షేపంగా పుట్టింది. ఎత్తుకోమంటే, మళ్లీ స్నానం చేసి వచ్చి ఎత్తుకున్నాడు. మా అందరినీ అంత కాపాడుకున్న మనిషిని మేం కాపాడుకోలేకపోయాం.

నిన్న ఆయన శవపెట్టె మా ఊరు రాయచోటికి వెళ్లిపోయింది. బూట్లు మిగిలాయి. లోపలికి తేలేం, పారేయడానికి చేతులు రాలేదు.

ఈ పొద్దున తలుపు తీసి ఉంది, మూడేళ్ల పాప కనిపించలేదు. పరుగున వెళితే, ఆ బూట్లలో కాళ్లు పెట్టుకుని నిలబడి ఉంది.

"తాత వచ్చాడా?" అంది.

వేళ్ల సందుల్లో సన్నని మట్టి. గౌను విప్పి పెదనాయన బకెట్‌లో పడేసి, ఆ చిన్న పాదాలు కడుగుతూనే ఉన్నాను.