భుజం గురించి రెండోసారి అడగలేదు

ఇన్నేళ్ళుగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే "ఇంతేనా" అంటుందేమోనని ఒక భయం, "ఇంత పని చేశావా" అంటుందేమోనని ఇంకో భయం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి మీకు చెబుతున్నాను. ఒక మనిషికి నొప్పి పుడుతోందని తెలిసీ, నొప్పి లేదని రిపోర్టులో రాశాను. ఆవిడ చెయ్యి పాడైంది.

అప్పట్లో సింగపూర్ వచ్చిన మావాళ్ళంతా కంప్యూటర్ మనుషులే. యీషున్‌లో మా ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు పొద్దున్నే టై బిగించుకుని పెద్ద ఆఫీసులుండే రాఫెల్స్ ప్లేస్‌కు ట్రైన్ ఎక్కేవారు. మెకానికల్ చదివిన పాపానికి నేనొక్కణ్ణీ మరకల చొక్కాతో ఒక చిన్న టెస్టింగ్ కంపెనీకి బస్సెక్కేవాణ్ణి. హెల్మెట్లు, నిచ్చెనలు, సీటు బెల్టులు, ఏది తెచ్చిస్తే దాన్ని కొట్టి, లాగి, విరిచి రిపోర్టు రాసే కంపెనీ అది. "ఇంకా సుత్తులతోనేనా సంసారం?" అని మా రూమ్మేట్లు ఏడిపించేవారు. నవ్వేవాణ్ణి గానీ లోపల మండేది. సాయంత్రాలు జావా నేర్చుకుంటూ ఉండేవాణ్ణి.

అలాంటప్పుడు ఒక సెక్యూరిటీ కంపెనీ పని మాకొచ్చింది. బ్యాంకుల వ్యాన్ల వెంట వెళ్ళే వాళ్ళ గార్డుల దగ్గర పంప్ షాట్‌గన్‌లుండేవి. ఒక్కో గుండుకీ ముందు పిడిని వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోసి కాల్చే తుపాకులు. అవి భుజాన్ని గట్టిగా తంతాయి. ప్రాక్టీసు రోజున గార్డుల భుజాలు కమిలిపోతున్నాయని, తన్ను తగ్గించే స్టాక్ ఏదో చూసి చెప్పమన్నారు. స్టాక్ అంటే భుజానికి ఆనించుకునే వెనక భాగం. మెత్తని రబ్బరు దిండు ఉన్నవి కొన్ని వచ్చాయి. లోపల స్ప్రింగ్ ఉన్నది ఒకటి వచ్చింది.

ముందు తుపాకీని ఒక స్టాండుకు బిగించి, వెనక బలాన్ని కొలిచే పలక పెట్టి కాల్పించాను. స్ప్రింగ్ స్టాక్ ముందు మిగతావేవీ నిలవలేదు. నాకది తెగ నచ్చేసింది. ఇక మిగిలింది మనుషుల మీద పరీక్ష. నాకు లైసెన్సు లేదు, తుపాకీ ముట్టుకుని కాల్చకూడదు. తన్ను ఎలా ఉందో గార్డుల్ని అడిగి తెలుసుకోవాల్సిందే. అడగడమే నా పని.

ఆ గార్డుల్లో సావిత్రి అక్క ఒకరు. వాళ్ళ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలయా తోటల్లో పనికి వచ్చారట. అక్క సింగపూర్‌లోనే పుట్టింది. నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగులో అరవం, మలయ్ కలిపేసి, ఇక్కడివాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర "లా" తగిలించి మాట్లాడేది. పొట్టి మనిషి. వాళ్ళ బృందంలో తుపాకీ డ్యూటీ చేసే ఆడమనిషి ఆవిడొక్కతే, అదంటే ఆవిడకెంత గర్వమో. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచీ మధ్యాహ్నం నన్ను చూస్తే చాలు, మకాన్ అయిందా, అంటే భోజనం అయిందా, అని అడిగేది. తిన్నానని బొంకేవాణ్ణి. ఆవిడ నా మొహం ఒకసారి చూసి మళ్ళీ అడిగేది. అప్పుడు ఒప్పుకునేవాణ్ణి. డబ్బా మూతలో పులిహోర పెట్టి ఇచ్చేది.

మన ఇళ్ళలో మొదటి జవాబు ఎవరు నమ్ముతారు చెప్పండి? వద్దన్నవాడికి మళ్ళీ వడ్డిస్తాం. పర్లేదన్నవాణ్ణి మళ్ళీ అడుగుతాం. అడక్కపోతే అది మర్యాద కాదు. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఫైరింగ్ రేంజ్‌లో మలయ్, చైనీస్ గార్డులు కాల్చినప్పుడు నేను పద్ధతిగానే చేశాను. చొక్కా పక్కకు తీయించి చూశాను, వేలితో నొక్కి అడిగాను, కాసేపాగి మళ్ళీ అడిగాను. అందరూ స్ప్రింగ్ స్టాక్ హాయిగా ఉందన్నారు. చివర్న అక్క వంతు. అక్క తుపాకీ ఎత్తుకోగానే నాకు తెలిసిపోయింది. స్ప్రింగ్ పెట్టినందువల్ల ఆ స్టాక్ మిగతావాటికంటే పొడుగు. ముందు పిడి అందాలంటే ఆవిడ ఒళ్ళంతా ముందుకు సాచాలి. అలా సాచేసరికి స్టాక్ భుజం గుంటలోంచి జారి చెయ్యి మొదట్లో ఎముక మీద కూర్చుంది. కాల్చింది. పిడి లాగి మళ్ళీ కాల్చింది. ప్రతిసారీ తన్ను ఆ ఎముకకే తగిలింది. అన్నీ అయ్యాక తుపాకీ ఎడమ చేత్తో కింద పెట్టింది. కుడిచెయ్యి వేలాడకుండా దాని బొటనవేలు బెల్టులో దూర్చుకుని నిలబడింది.

"నొప్పిగా ఉందా అక్కా?" అన్నాను.

"ఏటి నొప్పి తమ్ముడూ. పర్లేదు. అలవాటైపోద్ది లా."

నేను తల ఊపాను. నొప్పి లేదని రాసుకున్నాను.

ఎందుకు రాశాను? దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో. నొప్పి ఉందని రాస్తే పొట్టివాళ్ళకు పొట్టి స్టాక్ తెప్పించాలి, అది ఓడలో ఎప్పటికో రావాలి, పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాలి, అది తేలేదాకా మా బాస్ నన్ను వదలడు. అవతల రాఫెల్స్ ప్లేస్‌లో నాకు జావా ఉద్యోగం వచ్చింది, వచ్చే సోమవారమే చేరమన్నారు, చేరకపోతే బయట క్యూలో ఇంకొకడు రెడీగా ఉన్నాడు. ఇదీ కారణం. ఆవిడే లేదంది కదా అని కూడా చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆవిడ ఎందుకలా అందో నాకు తెలీదా? తట్టుకోలేనన్నవాళ్ళను తుపాకీ డ్యూటీ నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెడతారు. ఆవిడ భయం నాకు తెలుసు. దాన్ని వాడుకున్నాను. ఇంకొక్కసారి అడిగితే చెప్పేసేదని తెలిసే, అడగలేదు.

కంపెనీ నా రిపోర్టు చూసి అందరికీ అదే స్టాక్ బిగించింది. సోమవారం నేను టై కట్టుకుని ట్రైన్ ఎక్కాను. రూమ్మేట్లు పార్టీ అడిగారు, ఇచ్చాను.

కొన్నాళ్ళకు పాత ఆఫీసు మనిషి ఒకడు ట్రైన్‌లో కలిసి, మాటల్లో మాటగా చెప్పాడు. ఆ తెలుగు అక్కకు ప్రాక్టీసుల్లో భుజం పట్టేసిందట, చెయ్యి పైకి లేవడం లేదట, గేటు డ్యూటీలో వేశారట. అయ్యో అన్నాను. వాడితో పాటు నేను కూడా అయ్యో అన్నాను, చూశారా.

తర్వాత చాలా ఏళ్ళకు యీషున్‌లో తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో ఆవిణ్ణి చూశాను. జుట్టు నెరిసింది. నూడుల్స్ ఎడమ చేత్తో చెంచాతో తింటోంది. తప్పుకుని పోదామనుకునేలోపే పిలిచింది. మకాన్ అయిందా అంది. అయిందన్నాను. మొహం చూసి మళ్ళీ అడిగింది. అవలేదన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా తనే లేచి వెళ్ళి, ఎడమ చేత్తో ట్రే పట్టుకుని నాకు తెచ్చింది. తిన్నాను.

"చెయ్యి ఎలా ఉందక్కా?" అన్నాను చివరికి.

"పర్లేదు," అంది.

నేను చేసింది చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. ఆవిడ కూడా ఒక క్షణం నా వైపే చూసిందనుకుంటాను. నేను గడియారం చూసుకుని లేచాను.

ఆ తర్వాత ఆవిడ నాకు కనబడలేదు. వెతకలేదు కూడా. వెతికానని మీతో అబద్ధం చెప్పను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆవిడకు నొప్పి పుట్టింది, నేను చూశాను, లేదని రాశాను. ఈ మాట ఒక మనిషితో అన్నాను, అందుకు కాస్త తేలిగ్గా ఉంది. తేలికైంది నాకే. ఆవిడ చెయ్యి ఇంకా పైకి లేవదు.