తోడల్లుడి కోకో, నా వ్యాసం

ఎవరూ నవ్వనంటే చెప్తాను. నా పేరు పుస్తకంలో పడిందండీ. ఫొటోతో సహా! పేరుతో పాటు నేనూ పడ్డాననుకోండి, అది వేరే సంగతి. ఎలా పడ్డానో వినండి.

నాకు ఓ తోడల్లుడు ఉన్నాడు. సూర్రావు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. అంబాజీపేట అవతల అతని తోట. మనిషి మంచివాడే. అదే అసలు చిక్కు! చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని పడుకుందును.

ఈ సూర్రావు కొబ్బరి చెట్ల మధ్య కోకో మొక్కలు వేసేడు. చాక్లెట్లు చేస్తారే, ఆ కోకో. అప్పటికి మా వైపు అది కొత్త. దాని మీద ఓ వ్యాసం రాసి, మా రైతులందరం తెప్పించుకునే వ్యవసాయ మాసపత్రికకి పంపేడు. వాళ్ళు వేసేరు. అంతే, అత్తవారింట్లో నా పని అయిపోయింది.

మా మావగారు ఆ పేజీకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించేరు. ఎక్కడ తగిలించేరనుకున్నారు? నా పెళ్ళి ఫొటో ఉన్న మేకుకి! నా పెళ్ళి ఫొటో వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పక్కన. ఇదివరకు కాఫీ గ్లాసు ముందు నాకొచ్చేది, పెద్దల్లుణ్ణి కదా. ఇప్పుడు కాఫీ ముందు అతనికి, ఫ్యాన్ కింద కుర్చీ కూడా అతనికే. "రచయిత గారికి పంచదార తగ్గించి వెయ్యవే" అని మా అత్తగారు మురిసిపోతూ చెప్తుంటే, నా గ్లాసులో అసలు పంచదార పడిందో లేదో కూడా తెలీలేదండీ నాకు. గుటక గుటకకీ చేదే.

పోనీ ఆ కోకో మాట అతనికి మొదట చెప్పింది ఎవరు? నేను! మా బావమరిది పెళ్ళి భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నప్పుడు "ఎక్కడో కోకో వేస్తున్నారటయ్యా" అని అన్నది నేను. నేను అన్నాను, అతను వేసేడు. అన్నవాడికి వంటిల్లు, వేసినవాడికి హాలూనా?

సరే, నేనూ రాస్తానన్నాను. మా తోటలో కంద లేదా? అరటి లేదా? చూసినవాళ్ళు ముక్కున వేలేసుకోరా?

మా ఆవిడ మంగ అంది కదా: "టెన్త్ రెండోమాటు రాసి పాసైనవారు, మీకెందుకండీ వ్యాసాలు?"

"రెండుమార్లు రాసేనంటే రాయడం అలవాటున్నట్టేగా!" అన్నాను.

రాయడానికి ముందు చెయ్యాల్సిన పనులుంటాయి కదండీ. ముందు ఫొటో దిగేను. కొత్తపేట వెళ్ళి స్టూడియో అతనితో "రచయితలా తియ్యి బాబూ" అన్నాను. "అయితే చెయ్యి గడ్డం కింద పెట్టుకోండి సార్" అన్నాడు. పెట్టుకున్నాను. తర్వాత మంచి పెన్ను కొన్నాను. తెల్ల కాగితాలు కొన్నాను. అన్నీ వచ్చేక, రాయడం ఎలాగో అడుగుదామని రత్నం మాస్టారి దగ్గరికి వెళ్ళేను. ఆయన మా హైస్కూల్లో తెలుగు చెప్తారు, అప్పుడప్పుడూ పత్రికలకి రాస్తుంటారు కూడా.

"ముందు ప్లాను వేసుకోండి" అన్నారు మాస్టారు. "చదివేవాడికి మీరు చెప్పాల్సిన ఒక్క మాట ఏంటండీ?"

సూర్రావు కన్నా నేనే గొప్ప అని. అది పైకి ఎలా చెప్తాం? "అంతరపంటలండీ" అన్నాను.

"ఆయ్. అయితే మీ అసలు మాట మొదటి వాక్యంలోనే చెప్పేయండి. వివరాలు తర్వాత."

"మొదటే చెప్పేస్తే ఇంక కిందకెందుకు చదువుతారండీ?"

"చదవకపోయినా మీ మాట చేరిపోతుంది కదండీ, అందుకని!"

నాకు నచ్చలేదు. సినిమాలో మొదటి సీన్లోనే విలన్ని కొట్టేస్తే ఇంటర్వెల్ దాకా ఎవరైనా కూర్చుంటారా? నా ప్లాను నేనే వేసుకున్నాను. మొదటి రెండు పేరాల్లో సూర్రావుని పొగడాలి. కొబ్బరిచెట్టు మొవ్వు దాకా ఎక్కించాలి. మూడో పేరాలో "కానీ" అని కింద నిచ్చెన లాగెయ్యాలి. అక్కణ్ణించి చివరిదాకా నేనూ, నా తోట! ఇలా రాస్తే కుళ్ళుకున్నాడని కూడా ఎవరూ అనరు. ఏం ప్లానండీ అది!

ఆ రెండు పేరాలూ చెక్కినట్టు రాసేను. ఎంత ఎత్తుకి ఎక్కిస్తే అంత గట్టిగా పడతాడు కదా అని ఎక్కడా తగ్గలేదు. అతని తోటలో అడుగు పెడితే ఎండ తెలీదన్నాను. కోకో కాయలు చెట్టు మొదలు నుంచీ దీపాలు పెట్టినట్టు వేలాడుతుంటాయన్నాను. పనివాళ్ళని "రా, పో" అనడు, "రండి, కూర్చోండి" అంటాడన్నాను. అది నిజమే లెండి.

మంగకి చదివి వినిపించేను. రెండో పేరా అయ్యేసరికి దాని కళ్ళు మెరుస్తున్నాయి. "మా మరిదిగారి గురించి ఎంత బాగా రాసేరండీ!"

"ఉండవే, అసలుది ఇప్పుడొస్తుంది." మూడో పేరా ఎత్తుకున్నాను. 'కానీ, ఈ ఆలోచన మొదట ఎవరిది? కోకో కాయల్లో సగం ఉడతలకే సరిపోతోందని ఎందరికి తెలుసు? అదే నా తోటలో కంద చూడండి...'

మంగ మొహం మాడిపోయింది. "ఇది అచ్చయితే నేను మా పుట్టింటి గడప ఎలా తొక్కనండీ?"

"ముందు అచ్చవ్వనీ!" అన్నాను.

అచ్చయ్యింది.

పోస్టు వచ్చేసరికి వీధి అరుగు మీదే ఉన్నాను. పుస్తకానికి చుట్టిన కాగితం చింపి పేజీలు తిరగేసేను. నా ఫొటో! గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పన్ను నొప్పొచ్చిన వాడిలా ఉన్నాను గానీ, నేనే! పైన పెద్దక్షరాలతో హెడ్డింగు: "ఆదర్శ రైతు మా తోడల్లుడు".

నేను పెట్టిన హెడ్డింగు "కోకో: నిజానిజాలు". ఇదేంటి? సరేలే, హెడ్డింగు వాళ్ళిష్టం అనుకుని చదివేను. మొదటి పేరా అక్షరం పొల్లుపోకుండా ఉంది. రెండోదీ ఉంది. మూడో పేరా ఉండాల్సిన చోట...

ఎరువుల బస్తా బొమ్మ! ప్రకటన!

పేజీ తిప్పేను. అటువైపు గేదెల జబ్బులు. ఇంకో పేజీ తిప్పేను. ఎక్కడా లేను. మంగ నా భుజం మీంచి తొంగి చూసింది. "మీ 'కానీ' ఏదండీ?" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. కానీ కూడా దక్కలేదంటే ఇదేనండీ!

ఎస్టీడీ బూత్‌కి పోయి పత్రికాఫీసుకి ఫోన్ చేసేను. "ఆయ్, చోటు చాల్లేదండీ, కింద నుంచి కోసేసేం. అయినా ఆ రెండు పేరాలే చాలండీ! సొంత తోడల్లుడి గురించి ఇంత మనస్ఫూర్తిగా రాసినవాళ్ళని మేం చూళ్ళేదు" అన్నాడా ఎడిటరు. మా కోనసీమలో కోత అంటే పైనుంచండీ! కాయలుండేది చెట్టు తల దగ్గర కదా. కింద నుంచి కోసేవాళ్ళు కూడా ఉంటారని నాకేం తెలుసు?

సాయంత్రానికి సూర్రావు అరటి గెల మోసుకుంటూ వచ్చేడు. గెల దింపకుండానే నా చేతులు పట్టుకున్నాడు. "అన్నయ్య గారూ, సొంత అన్న కూడా రాయడండీ ఇలాగ!" మంచివాడని చెప్పేనా? నేను "ఆయ్... మరే..." అంటూ ఆ గెల అందుకుని కింద పెట్టేను. గుమ్మం వెనక మంగ దగ్గుతోంది. దగ్గు కాదది.

మావగారు ఆ పేజీకి కూడా ఫ్రేము కట్టించేరు. "పెద్దల్లుడు గారి మనసు వెన్నండీ" అని ఊరంతా చెప్పుకొచ్చేరు. ఇప్పుడు హాల్లో సూర్రావు రాసిందొకటి, సూర్రావు మీద నేను రాసిందొకటి. కాఫీ మాత్రం ఇద్దరికీ ఒకేసారి వస్తోంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, కొంచెం పంచదార తగుల్తోంది కూడా.

అంతటితో పోతే బాగుండును. వ్యాసం కింద నా పేరూ, మా ఊరూ వేసేరండీ. సూర్రావు ఊరు ఎక్కడా లేదు, అది నా మూడో పేరాలో ఉండిపోయింది! ఇంకేముంది, కోకో చూడాలనుకున్న ప్రతివాడూ మా ఇంటికే. మంగ టీలు పెట్టడం, నేను దారి చెప్పడం.

నిన్న ఐనవిల్లి నుంచి ఒక పెద్దాయన స్కూటర్ మీద వచ్చేరు. చేతిలో ఆ పుస్తకం. "ఎంత బాగా రాసేరండీ! చదవగానే తోట చూడాలనిపించి బయల్దేరిపోయేను" అన్నారు. టీ తాగేరు. చుట్టూ చూసేరు. "మీకూ ఏమైనా తోట ఉందాండీ?" అని అడిగేరు.

"మీరు బండి ఆపింది అందులోనేనండీ."

"అరెరె! కంద భలే ఉందే! మరి దీని గురించి కూడా ఓ ముక్క రాసుకోకపోయేరా?"

"రాసేనండీ" అన్నాను. "మూడో పేరా నుంచీ ఇదే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచేరు. వేలు పెట్టి లెక్కపెట్టేరు. పేజీ ఇటు తిప్పేరు, అటు తిప్పేరు. "రెండేనండీ ఉన్నాయి. తర్వాత ఎరువుల బస్తా!" అన్నారు పాపం.

"ఆయ్, అందుకేనండీ... మీరు రోడ్డెక్కి కుడిచేతివైపు తిరగండి. అంబాజీపేట దాటేక సూర్రావు గారి తోట అంటే ఎవరైనా చెప్తారు" అన్నాను.