ఇంజినీరు చెవిలోని గొంతు

నైరోబీలో చిన్న విమానాలు దిగే మైదానానికి ఆనుకుని, ఒక పాత గిడ్డంగి పైఅంతస్తులో మా బడి ఉండేది. చిన్న విమానాలు నడిపి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు పెద్ద జెట్లు నడపాలంటే ఇంకో వరస పరీక్షలు రాయాలి. వాటి కోసం అక్కడ చదివేవాళ్ళం, నాతో కలిపి పదకొండు మంది. పాఠం చెప్పేది ఎజ్రా ఒడ్వార్. ఆయనది పడమటి వైపు పెద్ద సరస్సు ఒడ్డున ఒక ఊరు. వయసు అరవై ఎనిమిది. పెద్ద విమానాల్లో పైలట్ల వెనక మూడో కుర్చీ ఉండే రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరు. ఆ కుర్చీలు పోయాక మాకు పాఠాలు చెప్పడానికి వచ్చాడు. అందరం మ్వాలిము అనే పిలిచేవాళ్ళం, అయ్యవారూ అన్నట్టు.

పెద్ద విమానం లోపలి సంగతులు ఆయన చెబుతుంటే మన ఇంటి వంటగది గురించి చెబుతున్నట్టు ఉండేది. చక్రాలు దించే నూనె గొట్టాలు ఒక రంగు సుద్దతో, ఇంజిన్ల నుంచి లాగి కేబిన్‌కి పంపే వేడిగాలి ఇంకో రంగుతో గీసేవాడు. ఒక గొట్టం తుడిచేసి, "ఇప్పుడు ఇది పగిలింది. మీ దగ్గర ఏం మిగిలింది?" అని అడిగేవాడు. తప్పు చెబితే నవ్వి, "నిన్ను నేను ఎక్కించుకోను, బస్సులో రా" అనేవాడు.

అయితే ఆయనలో ఏదో తేడా ఉందని మొదటి వారంలోనే తెలిసిపోయింది. రోడ్డు మీద లారీ వెళ్ళి కిటికీ అద్దాలు గలగలలాడితే సుద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. రెండో అరచేతిని బల్ల మీద పరచి, బల్ల వణుకు తగ్గేదాకా కదిలేవాడు కాదు. ఒక్కోసారి పాఠం మధ్యలో తల ఓ పక్కకి వంచి, మా వెనక ఉన్న ఖాళీ బల్లల వైపు చూసి, "ఎవరు, ఏమన్నారు?" అని అడిగేవాడు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

"ముసలాయనకి చెవుడు వస్తోంది" అన్నాడు నా పక్కన కూర్చునే మకోఖా.

"చెవుడు వచ్చినవాళ్ళకి వినపడదు. ఈయనకి ఎక్కువ వినపడుతోంది" అన్నాను.

ఎత్తులో వేగంగా ఎగరడం గురించిన పాఠం ఆయన అన్నిటికన్నా చివర పెట్టుకున్నాడు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్క బరువు మోయాలంటే వేగం కావాలి. వేగం తగ్గితే విమానం పడిపోతుంది. అలాగని వేగం మరీ పెరిగితే రెక్క మీదుగా పారే గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అప్పుడూ రెక్క వణుకుతుంది, పట్టు వదిలేస్తుంది. బరువు ఎక్కువైన కొద్దీ, ఎత్తు పెరిగిన కొద్దీ ఈ రెండు హద్దులూ దగ్గరికి వస్తాయి. కాగితం మీద ఆ రెండు గీతలూ కలిసే చోటుని పాత పైలట్లు శవపేటిక మూల అంటారు. ఆ గీతలు గీసినంతసేపూ మ్వాలిము మా వైపు తిరగలేదు.

మర్నాడు అభ్యాసం. గదిలో ఒక మూల అట్టలతో చేసిన ఉత్తుత్తి కాక్‌పిట్ ఉండేది. ఆయన కెప్టెన్, నేను కోపైలట్. బరువు, బయటి వేడి చెప్పాడు. పట్టికలో చూసి ఎంత ఎత్తు వరకు వెళ్ళొచ్చో నేను లెక్క కట్టుకున్నాను. ముప్పై నాలుగు వేల అడుగులు, అంతకుమించి కుదరదు.

"ముందు మబ్బు ఉంది. ముప్పై ఏడు వేలకి ఎక్కుతున్నాను" అన్నాడు.

నేను పట్టిక వైపు చూసుకున్నాను, ఆయన వైపు చూశాను. ఏమీ అనలేదు. ఆయన అట్ట మీటని వెనక్కి లాగి పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"జెమేలీ, నీ లెక్కకి ఎంత వచ్చింది?"

"ముప్పై నాలుగు, మ్వాలిము."

"మరి చెప్పలేదేం?"

"మీకు తెలిసే ఎక్కుతున్నారనుకున్నా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మ్వాలిము లేచి, కోటు కూడా తీసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు మళ్ళీ రాలేదు.

రెండు రోజుల తర్వాత క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు, నూనెలో వేయించిన తీపి మందాజీ తెప్పించాడు, దేన్నీ ముట్టుకోలేదు.

"నువ్వు నాండీ అమ్మాయివి కదూ? మీ భాష బాగా వచ్చా, లేక ఇక్కడ పెరిగి మర్చిపోయావా?"

"మా అవ్వ దగ్గర పెరిగాను. బాగానే వచ్చు."

"కప్‌సబెట్ అవతల ఒకావిడకి నేనొక సంగతి చెప్పాలి. ఆవిడకి స్వాహిలీ సరిగ్గా రాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వంకతోనే వెళ్ళలేదు. నాతో వస్తావా?"

ఏం చెప్పాలని అడిగాను. అప్పుడు చెప్పాడు. గల్ఫ్ దేశానికి గొర్రెల్ని తీసుకెళ్ళే సరుకు విమానం. నాలుగు ఇంజిన్లు, పాతది. మందని చూసుకోవడానికి వెంట ఒక నాండీ మనిషి ఉండేవాడు, పేరు సితియెనెయ్. మధ్యాహ్నం బయల్దేరారు. ఇంధనం ఇంకా నిండుగా ఉంది. దారికి అడ్డంగా ఉరుముల మబ్బు కనిపించింది. కెప్టెన్ దాని మీదుగా పోదామన్నాడు. ఎజ్రా తన పట్టిక చూసి, "మనం బరువుగా ఉన్నాం కెప్టెన్" అన్నాడు. కెప్టెన్ తల తిప్పకుండానే, "నీ పట్టికకి కళ్ళున్నాయా ఇంజినీరూ, ఆ మబ్బు కనపడుతోందా దానికి?" అన్నాడు. కోపైలట్ నవ్వాడు. ఎజ్రా మరి నోరెత్తలేదు.

ముప్పై ఏడు వేల దగ్గర వణుకు మొదలైంది. ముందు కాళ్ళ కింద, తర్వాత పళ్ళల్లో. ఆపైన విమానం పడింది, పన్నెండు వేల అడుగులు. రెండు ఇంజిన్లు ఆరిపోయాయి. ఎజ్రా వాటిని మళ్ళీ వెలిగించాడు. పొరుగు దేశంలో దించారు. వెనక చూస్తే గొర్రెల దొడ్లన్నీ విరిగి కుప్పగా ఉన్నాయి. సితియెనెయ్ వాటి కింద ఉన్నాడు. విచారణకి వచ్చినవాళ్ళు గాలివాన అని రాసుకుని వెళ్ళారు. ముగ్గురూ సంతకం పెట్టారు.

"ఆ కెప్టెన్ ఇప్పుడెక్కడ?"

"పోయాడు, షుగరు జబ్బుతో. చివర్లో చూడ్డానికి వెళ్ళాను. మబ్బు భలే పెద్దది కదూ ఎజ్రా, అన్నాడు. అవునన్నాను."

శనివారం పొద్దున్నే మటాటూ వ్యాను ఎక్కి బయల్దేరాం. దారి పొడుగునా ఆయన కిటికీ చట్రాన్ని అరచేత్తో నొక్కి పట్టుకునే ఉన్నాడు.

సితియెనెయ్ భార్య పేరు కొబీలో. తేయాకు తోటల మధ్య రేకుల ఇల్లు. మేము వెళ్ళేసరికి వాకిట్లో కూరకి సుకుమ ఆకు కోస్తోంది. కోగో అని పలకరించాను, మా వైపు అవ్వని అలాగే పిలుస్తాం. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. సొరకాయ బుర్రలో పులిసిన పాలు ఇవ్వలేదు. ఎందుకొచ్చామో తెలియనిదే అది ఇవ్వరు.

ఆయన స్వాహిలీలో చెబుతున్నాడు, నేను నాండీలోకి మారుస్తున్నాను. "ఆయన అంటున్నాడు" అని మొదలుపెట్టబోతే కోగో చెయ్యెత్తి ఆపింది.

"ఆయన ఎలా అంటే అలా చెప్పు అమ్మాయీ. మధ్యలో నువ్వు అడ్డు రాకు."

అందుకని 'నేను' అనే చెప్పాల్సి వచ్చింది. నాకు తెలుసు అని చెప్పాను. నేను ఊరుకున్నాను అని చెప్పాను. కోగో ఆయన్ని చూడడం మానేసి నా ముఖంలోకే చూస్తోంది.

అంతవరకు నాకు తెలిసిన కథే. అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆయన ఆగలేదు.

"మబ్బు మీదికి ఎక్కడానికి ముందు సితియెనెయ్ వెనక నుంచి తీగ ఫోనులో నన్ను పిలిచాడు. మందకి దాహంగా ఉంది, నీళ్ళు పడతాను, కాసేపు కుదురుగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుంది, విమానం పైకి ఎక్కేముందు చెబుతాను, అప్పుడొచ్చి బెల్టు పెట్టుకో అన్నాను. తర్వాత చెప్పలేదు. చెబితే ఎందుకని కెప్టెన్ అడుగుతాడు. మళ్ళీ నవ్వుతారు. అందుకని చెప్పలేదు."

ఇది క్యాంటీన్‌లో నాకు చెప్పలేదు. ఆయన వైపు తిరిగి చూశాను. కోగో తొందరపెట్టకుండా కూర్చుంది. నేను చెప్పాను, ఆయన మాటల్లోనే, నేను అంటూ.

కోగో కత్తి పక్కన పెట్టింది. "కెప్టెన్‌తో ఏ గొంతుతో అన్నాడో ఆ గొంతుతో ఇప్పుడు అనమను."

ఆయన అన్నాడు. "మనం బరువుగా ఉన్నాం కెప్టెన్."

"నేను ఎదురుగా కూర్చున్నాను, నాకే వినపడలేదు" అంది. అందులో కోపం లేదు. మేకకి పాలు తగ్గాయని చెప్పినట్టు చెప్పింది.

కాసేపటికి, "భయపడ్డాడా?" అని అడిగింది.

"చెవులకి తగిలించుకునే ఆ ఫోను అతని తలకే ఉంది. పడుతున్నంతసేపూ నా చెవిలో మాట్లాడుతూనే ఉన్నాడు" అన్నాడు ఆయన. "మీ భాష. నాకేం అర్థం కాలేదు. నన్ను తిడుతున్నాడనుకున్నాను. ఇప్పటికీ వినపడుతుంది. తరగతిలో వినపడుతుంది, స్నానం చేస్తుంటే వినపడుతుంది."

"ఏమన్నాడు?"

ఆయన కళ్ళు మూసుకుని ఆ శబ్దాలు పలికాడు. అర్థం తెలియని మనిషి ఇరవై ఆరేళ్ళు దాచుకున్న శబ్దాలు. అరిగిపోయి ఉన్నాయి కానీ పోల్చుకోవచ్చు. నా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. కోగో లేచి ఇంట్లోకి వెళ్ళి, మళ్ళీ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"నువ్వే చెప్పు ఆయనకి" అంది నాతో.

"మంద బెదిరితే అలా అంటాం మ్వాలిము" అన్నాను. "ఆగండి పిల్లలూ, ఆగండి, ఇంటికొచ్చేశాం. అంతే. మిమ్మల్ని కాదు. గొర్రెలతో అన్నాడు."

ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేదన్నట్టుగా నేలచూపులు చూస్తూ ఉండిపోయాడు.

కోగో ఆయన్ని క్షమించానని అనలేదు. వేరే మాట అంది. "కాగితంలో గాలివాన అని రాశారు. ఊళ్ళో ఉరుము పట్టుకుపోయిందన్నారు. ఉరుము ఊరికే పట్టుకుపోదు కదా, ఆ ఇంట్లో ఏదో తప్పు జరిగి ఉంటుందన్నారు. నా తోడికోడలు నా కుండలో నీళ్ళు తాగదు. నా కూతుర్ని చేసుకోవడానికి రెండు ఇళ్ళవాళ్ళు వచ్చి, విని, వెళ్ళిపోయారు. రేపు పొద్దున్న తేయాకు తూకం దగ్గరికి అందరూ వస్తారు. అక్కడ చెప్పమను. అందరికీ వినపడేలా."

ఆదివారం అయినా తూకం పాక దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. వీపు మీద బుట్టలు దించకుండానే నిలబడ్డారు. ఆయన చెప్పాడు, నేను చెప్పాను. మొదటి వాక్యం దగ్గరే వెనక నుంచి ఎవరో "గట్టిగా" అన్నారు. ఆయనకి నాండీ రాకపోయినా ఆ మాట అర్థమైంది. గొంతు పెంచాడు. నేనూ పెంచాను.

అంతా అయ్యాక ఒక ముసలాయన ముందుకొచ్చాడు. సితియెనెయ్‌కి పెద్దన్న అట.

"ఉరుము ఉందా, లేదా?"

"ఉంది. దూరంగా ఉంది. మమ్మల్ని ముట్టుకోలేదు."

"మరి ఎవరు చంపినట్టు?"

మ్వాలిము తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. నాకు అనువదించే పని లేకపోయింది. పెద్దన్న ఆయన ముందు నేల మీద ఉమ్మి, పక్కకి నడిచాడు. తర్వాత ఒకావిడ బుట్ట దించి కోగో పక్కన వచ్చి నిలబడింది. తోడికోడలని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, పక్కపక్కన నిలబడ్డారంతే.

తిరుగు ప్రయాణంలో మటాటూ గతుకుల్లో ఊగిపోతుంటే, "ఆగిందా మ్వాలిము?" అని అడిగాను.

"ఏది?"

"చెవిలోది."

"లేదు. ఇప్పుడు అర్థం తెలిసి వినపడుతోంది" అన్నాడు.

ఆ వారమే విమాన శాఖకి ఉత్తరం రాశాడు. ఫైలు పాతదైపోయిందని, అందినట్టు తెలియజేస్తున్నామని జవాబొచ్చింది. ఎవరూ పిలవలేదు. ఆయన ఇంకో మూడేళ్ళు పాఠాలు చెప్పాడు. మా తర్వాతి తరగతులవాళ్ళకి ఆ రెండు గీతల పాఠం మొదటి రోజే చెప్పేవాడట, సితియెనెయ్ పేరుతో సహా. నేను పరీక్షలు గట్టెక్కి, జెట్‌లో కుడి కుర్చీలో కూర్చున్నాను.

కిందటేడు వానల ముందు మ్వాలిము సరస్సు ఒడ్డున, వాళ్ళ అన్న ఇంట్లో పోయాడు. గుండె. ఆ సంగతి చెబుదామని కోగోకి ఫోన్ చేశాను. మాటలు తెగిపోతూ వినపడే పాత ఫోను ఆమెది.

"కోగో, ఇంజినీరు పోయాడు."

అటువైపు కోళ్ళు వినపడుతున్నాయి.

"పోయాడంటావేం, మాట్లాడుతున్నావుగా?" అంది కోగో. "నా వాకిట్లో కూర్చుని, నేను ఊరుకున్నాను అని చెప్పింది నువ్వే. ఆ గొంతు నాకు తెలుసు."

నేను కాదని చెప్పబోయాను. 'నేను' అన్న మాట దగ్గరే ఆగిపోయాను.