కాలవ అవతలి సారు

ఇది పంతొమ్మిది వందల యాభైల చివరినాటి మాట. ఇప్పటికీ తలుచుకుంటే నా కడుపు మండుతుంది. మండదా మరి! కాలవకి ఇవతల మా పాలెం, అవతల మా మేనమామ వాళ్ల పాలెం. రెండుచోట్లా అవే వలలు, అవే చేపలు, అందరూ చుట్టాలే. బడులు మాత్రం వేరు. మా అయ్యవారు వచ్చిన రోజు కునుకు తీసేవాడు, రాని రోజు మేం ఆడుకునేవాళ్లం. వాళ్ల బడికి మాత్రం ఆ సారు వచ్చాడు.

అమ్మతో పోట్లాడి నేనూ ఆ బడిలోనే చేరాను. రోజూ పడవలో కాలవ దాటేదాన్ని. భిన్నాలంటే నాకు వణుకు. పడవకో పాలు, వలకో పాలు, మనుషులకి తలా ఒక పాలు అంటూ ఒడ్డున చేపలు పంచుకోవడం రోజూ చూసేదే. సారు దాన్నే పలకమీద గీసి చూపేసరికి, ఓస్ ఇంతేనా అనిపించింది. ఆ ఏడు హైస్కూల్లో చేరే పరీక్షకి నేనూ, మా మామ కూతురూ తయారవుతున్నాం. లెక్కలన్నీ అది నా పలక చూసి రాసేది.

అంతలో రొయ్యల వల దగ్గర రెండు పాలేల మగవాళ్లూ కొట్టుకున్నారు. మా పెద్దలు దురాయి పెట్టేశారు. దురాయి అంటే ఊరి కట్టడి. మావాళ్లెవరూ అవతలి ఒడ్డున కాలు పెట్టకూడదు. చదువుకునే పిల్లలకైనా అదే మాట.

సారు తానే పడవెక్కి, మా పాలేనికి పెద్దమనిషైన పెద్దకాపు దగ్గరికి వచ్చాడు.

"పరీక్ష దగ్గరకొచ్చింది. ఈ పిల్లనొక్కదాన్నీ పంపించండి," అన్నాడు.

"దురాయి దురాయే సారూ. ఒకరికి సడలిస్తే ఇంకెవరూ ఇనరు. మీరే మా పక్కకి వచ్చేయండి. ఇల్లు కట్టిస్తాం, నీళ్లు మోయిస్తాం," అన్నాడు పెద్దకాపు.

పక్కనే నిలబడి, రావాలి, రావాలి అని మొక్కుకున్నాను. అప్పుడు తెలిసొచ్చేది మా మామ కూతురికి, సారు లేని బడంటే ఏమిటో!

"నేనిటు వస్తే ఆ పిల్లలేమైపోవాలి?" అన్నాడు సారు. పెద్దకాపు తల దించుకున్నాడు గానీ మాట మార్చలేదు.

మళ్లీ మా అయ్యవారి గురక వింటూ కూర్చున్నాను. ముత్తుకూరులో పరీక్ష రాస్తే, కాలం–పని లెక్కలు అడిగారు. అవి దురాయి పడ్డాక సారు అవతల చెప్పినవి, నేను కంటితో చూసినవి కావు. మామ కూతురు గట్టెక్కింది. నేను తప్పాను.

వానలు మొదలయ్యేసరికి దురాయి ఎత్తేశారు. కొత్త పరికిణీ కట్టుకుని, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిరుండలు పట్టుకుని దిగింది మహాతల్లి. నా పలక చూసి రాసిన మనిషి హైస్కూలుకి! ఉండ నా నోట్లో పెట్టబోతే మొహం తిప్పేసుకున్నాను.

"నామీద కోపం పెట్టుకోబాకే. సారు నిన్ను మర్చిపోలా. పరీక్ష దాకా రోజూ హాజరులో నీ పేరు పిలిచినాడు. నేనే లేచి, 'రాలేదు సార్' అని చెప్పేదాన్ని," అంది.

ఆయన నోట నా పేరు వినే భాగ్యం కూడా దానికే దక్కింది.