బాబాయి కట్టుకున్న తడి పంచె

"నా చిన్నప్పుడు డైపర్లు ఎక్కడివండీ, మేమంతా గుడ్డల మీద పెరగలేదా" అని మా వీధిలో సాయంత్రం పూట చేరే పెద్దమనుషుల్లో ఎవరు మొదలుపెట్టినా నేను అక్కడ నిలబడను. ఆ మాట అనేవాళ్ళలో ఒక్కడు కూడా జన్మలో ఒక గుడ్డ ఉతికి ఆరేసిన పాపాన పోలేదు. నిజమే, నా చిన్నప్పుడు పిల్లలు గుడ్డల మీదే పెరిగారు. ఆ గుడ్డలు ఎవరు ఉతికారో, ఎలా ఆరబెట్టారో, ఇంట్లో అవి ఎన్ని ఉండాలో ఎవరు తేల్చేవారో కూడా నేను చూశాను. అందుకే ఆ కాలం మీద నాకేమీ మురిపెం లేదు.

మాది దర్శి అవతల ఒక మెట్ట పల్లె. మిరప, పత్తి తప్ప మరొకటి మాట్లాడని ఊరు. ఇంట్లో మా నాయనమ్మ, అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని. మా నాన్న పొలం మనిషి. పెత్తనమంతా బాబాయిది. కాయలు గుంటూరు తీసుకెళ్ళి అమ్మేదీ ఆయనే, వచ్చిన డబ్బు దేనికి ఎంత పెట్టాలో చెప్పేదీ ఆయనే. మనిషన్నాక దర్జా ఉండాలనేవాడు. ఆ దర్జా అంతా నలుగురికీ కనిపించేచోటే ఉండేది. వీధి వసారాకు ఏటా కొత్త రంగు, వంటింటి గోడకు ఏనాటిదో మసి. వచ్చినవాళ్ళకు గాజు గ్లాసులో సోడా, ఇంట్లో ఆడవాళ్ళకు నీళ్ళ మజ్జిగ. తెల్లటి మల్లు పంచె తప్ప కట్టేవాడు కాదు. అది నలగకుండా కూర్చోవడమే ఆయన చేసే కాయకష్టం.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు, పిన్ని పుట్టింట్లో నీళ్ళాడి మూడోనెల బిడ్డతో మా ఇంటికి వచ్చింది. కార్తీకమాసం. ఆమె వచ్చిన మర్నాటి నుంచే ముసురు పట్టుకుంది. విచ్చిన పత్తి చేలోనే నల్లబడిపోతోందని మా నాన్న కాలు నిలవక తిరుగుతుంటే, బాబాయి మాత్రం విందు పనుల్లో మునిగి ఉన్నాడు. కొడుకును తొలిసారి ఇంటికి తెచ్చుకున్నందుకు ఊరందరికీ భోజనాలు పెట్టాలన్నాడు. షామియానా, మైకుసెట్టు, ఫొటోలు తీసేవాడు, అన్నీ దర్శి నుంచి మాట్లాడాడు. చిలకలు చెక్కిన కొత్త ఉయ్యాల చేయించాడు. గుంటూరు నుంచి మిరప వ్యాపారి ఒకాయన వస్తున్నాడని, ఆయన కూర్చోవడానికి మెత్త కుర్చీ కూడా తెప్పించాడు.

ఇన్ని తెప్పించినవాడు బిడ్డ కిందకు గుడ్డ మాత్రం తెప్పించలేదు. పిన్ని వాళ్ళమ్మ పాత చీరలు చింపి ఇచ్చిన గుడ్డలు కొన్ని ఉన్నాయి. ఎండ కాసి ఉంటే వాటితోనే గడిచేది. ముసురులో అవి దండెం మీద వేసినవి వేసినట్టే చల్లగా వేలాడుతుండేవి. ఒకటి ఆరేలోపు బిడ్డ ఇంకొకటి తడిపేవాడు. పిన్ని ఓర్చుకుని ఓర్చుకుని, ఒకరోజు బాబాయికి అన్నం వడ్డిస్తూ, మెత్తటి గుడ్డ నాలుగు గజాలు తెప్పించమని అడిగింది.

ఆయన కలుపుతున్న అన్నంలో నుంచి తల కూడా ఎత్తలేదు. "ఉచ్చగుడ్డలకి కూడా డబ్బులు తగలేస్తారటే ఎవరన్నా? అవతల విందుకి ఎంతవుద్దో తెలుసా నీకు? కాస్త ఓపిక పడితే అవే ఆరతయ్యి."

ఖర్చు ఎక్కడ తగ్గించాలో తెలిసిన ఘనుణ్ణి అన్న గర్వం ఉందే ఆ గొంతులో, అది నాకు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. తరువాత చాలామంది మగవాళ్ళలో అదే గొంతు విన్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఏదో పని మీద పిన్ని గదిలోకి వెళ్ళాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని వణుకుతోంది. చీర కుచ్చిళ్ళ పైన, పొట్ట చుట్టూ బిడ్డ తడిగుడ్డ ఒకటి చుట్టుకుని ఉంది. ఒంటి వేడికి తొందరగా ఆరుతుందని, ఎవరికీ చెప్పొద్దని అంది. పక్కన బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, పిల్లికూన మూలిగినట్టు మూలుగుతున్నాడు. వాడి తొడల సందుల్లో తోలు ఎర్రగా కమిలి, ఒకచోట చిట్లి ఉంది. చెప్పొద్దన్న మాట నేను ఒక్క నిమిషం కూడా ఆపుకోలేదు. పరుగెత్తి మా నాయనమ్మకు చెప్పేశాను.

నాయనమ్మ వచ్చి బిడ్డను చూసింది. పిన్ని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్ళు కాలిపోతోంది. వెంటనే తన చీర ఒకటి చింపింది కానీ అది ముతక నేత. పుండు మీద రాసుకుని బిడ్డ ఇంకా గింజుకున్నాడు. మా అమ్మవేమో నైలాన్ చీరలు. ఇంట్లో ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలు ఉన్నది బాబాయి ట్రంకుపెట్టెలోనే. రెండు పాత పంచెలు ఇవ్వరా అని వెళ్ళి అడిగింది. నలుగురిలో తిరిగేవాణ్ణి, నా పంచెలు ఎలా ఇస్తానని ఆయన నవ్వాడు. కన్నతల్లి అడిగితే నవ్వాడు. నాయనమ్మ ఇంకేమీ అనలేదు. ఆమె మాట్లాడకుండా ఉందంటే మా అమ్మ భయపడేది.

విందు రోజు తెల్లారింది. వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. బాబాయి స్నానానికి వెళ్ళగానే నాయనమ్మ నన్ను పిలిచి, ట్రంకుపెట్టె తెరిచి, ఒక పంచె కొస నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమంది. చర్రుమని చిరిగింది. పంచె తరువాత పంచె, పెట్టె ఖాళీ అయ్యేదాకా చింపింది. పిన్ని వద్దత్తయ్యా అని చేతులు పట్టుకుంటే, పడుకోవే నువ్వు అని కసిరింది. ఆరోజు కట్టుకోవడానికి ఆయన కొత్తగా కొనుక్కున్న జరీ అంచు పంచె వంకెకు వేలాడుతోంది. దాన్ని మాత్రం చింపలేదు. తీసుకెళ్ళి బకెట్లో ముంచి, పిండి, బిడ్డ గుడ్డల పక్కనే దండెం మీద వేసింది.

బాబాయి తువ్వాలుతో వచ్చి పెట్టె చూసుకున్నాడు. బయట మైకులో అప్పుడే పాటలు మొదలయ్యాయి.

"అమ్మా! నా పంచెలేవే?"

"నీ కొడుకు కట్టుకున్నాడు. నీది దండెం మీద ఉంది, పో."

ఆయన వెళ్ళి దాన్ని పట్టుకుని కేక పెట్టాడు. "ఇది తడిగా ఉందేందే?"

"కాస్త ఓపిక పట్టరా. అదే ఆరుద్ది."

బాబాయి మా నాన్న పంచె ఒకటి ఇమ్మని అడిగాడు. మా పెట్టె తాళంచెవి కనపడటం లేదని మా అమ్మ నేల చూపులు చూస్తూ చెప్పింది. ఆ చెవి నాయనమ్మ బొడ్డులో ఉన్న సంగతి నాకూ తెలుసు, మా నాన్నకూ తెలుసు. ఆయన చుట్ట వెలిగించుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు. ఈలోపు గుంటూరు వ్యాపారి జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. దర్జా మనిషి తువ్వాలుతో ఎదురు వెళ్ళలేడు కదా. తడి పంచె కట్టుకుని, పైన ఇస్త్రీ లాల్చీ వేసుకుని, చిరునవ్వు పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆ పొద్దంతా నేను ఆయన్నే చూస్తూ ఉన్నాను. పీట మీద కూర్చోబెట్టి హారతి ఇచ్చారు, ఫొటోలు తీశారు. ఆయన ఒకసారి ఇటు ఒరుగుతాడు, ఒకసారి అటు ఒరుగుతాడు. నీళ్ళు కారి పీట చుట్టూ మరక కట్టింది. వ్యాపారి ఆ మరక వంక, ఆయన ముఖం వంక చూసి మర్యాదగా కుర్చీ జరుపుకున్నాడు. అంతకంటే అవమానం బాబాయికి ఇంకోటి లేదు. ఉయ్యాలలో బిడ్డ మాత్రం మల్లుగుడ్డ మీద నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ముసురు పట్టాక వాడు అలా నిద్రపోవడం అదే మొదలు.

పంక్తులు లేచే వేళకు ఆయన కాళ్ళు ఎడంగా పెట్టుకుని నడుస్తూ పెరటివైపు వచ్చాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఒరుసుకుపోయింది, మంటగా ఉంది, ఇక నావల్ల కాదు అని చిన్నపిల్లాడిలా చెప్పుకున్నాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె బిడ్డ కింద గుడ్డ తొలగించి, ఆ చిట్లిన తొడలు చూపించింది.

"ఒక్క పూటకే నీవల్ల కాలేదు. వీడు ముసురు పట్టిన కాడి నుంచీ ఇట్టాగే పడున్నాడు. నీకు నోరుంది, వీడికి లేదు. అంతేరా తేడా."

బాబాయి వంగి బిడ్డను చూశాడు. తరువాత పిన్ని వంక చూశాడు. ఆమె మాత్రం ఆయన వంక చూడలేదు, గోడవైపు తిరిగి పడుకుంది.

మనిషి ఆ రోజుతో మారిపోయాడని చెప్పాలని నాకూ ఉంది. అబద్ధం ఎందుకు? వాన వెలిశాక చీరాలకు మనిషిని పంపి మెత్తటి గుడ్డ ఒక తాను తెప్పించిన మాట నిజమే. కానీ తెచ్చిన గంటకే అది వసారాలో పరిచి, మా వాడికి చీరాల నేత తప్ప ఇంకోటి కట్టనివ్వను అని వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టాడు. పంచెలు కూడా తానే చింపించానని చెప్పుకున్నాడు. నాకు కోపం ఆగక, బాబాయి అబద్ధాలు చెబుతున్నాడని వెళ్ళి నాయనమ్మతో అన్నాను. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ, "చెప్పుకోనీయవే. బిడ్డ కింద పొడిగా ఉందా లేదా?" అంది. పొగడ్త వాడికి, పొడిగుడ్డ బిడ్డకు. ఆ బేరం ఆమెకు చాలు. నాకు అంత పెద్దమనసు ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు నేను గుంటూరులో, నల్లపాడు స్టేషను దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. మనవరాలు ఇప్పుడిప్పుడే పాకుతోంది. నెల మొదట్లో మావాడు ఫోన్లో బడ్జెట్ వేస్తాడు. కారు వాయిదా, టీవీలో చూసే సినిమాల చందాలు, స్నేహితులతో హోటళ్ళు, అన్నీ వరసగా వచ్చేస్తాయి. డైపర్ల దగ్గరికి వచ్చేసరికి అయ్యగారికి పొదుపు గుర్తొస్తుంది. పూర్తిగా నిండాకే మారిస్తే ఒక ప్యాకెట్ మిగులుతుంది కదా అని మొన్న కోడలితో అంటుంటే విన్నాను. అదే గొంతు, నా కడుపున పుట్టినవాడి నోట్లోంచి!

"ముందు దాని కిందకి కావలసింది తీసి పక్కన పెట్టు. ఆ మిగిలినదాంట్లో నువ్వు కారెక్కుతావో బస్సెక్కుతావో నీ ఇష్టం" అన్నాను. పగలు గుడ్డలు కడితే ఖర్చు తగ్గుతుంది కదమ్మా, మీరలాగే పెంచారు కదా అన్నాడు. తగ్గుతుంది, నేను కూడా కడతాను, ఉతికేది మాత్రం నువ్వు అన్నాను. మా వాడు ఫోను వంక చూశాడు, బాల్కనీలో దండెం వంక చూశాడు, సినిమా చందాలు రెండు తీసేశాడు. ఇప్పుడు వాడి బడ్జెట్‌లో డైపర్లు మొట్టమొదట ఉంటున్నాయి.

ఆ విందు రోజు నుంచి నాకు ఒక అలవాటు పడిపోయింది. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ హాలు చూడమంటారు, టీవీ చూడమంటారు, పుట్టినరోజు ఆల్బమ్ తెచ్చి ఒళ్ళో పెడతారు. అవేవీ నా కంటికి ఆనవు. పసిబిడ్డ ఉంటే ఇటివ్వమంటాను. ముద్దు చేస్తున్నట్టు ఎత్తుకుని, మెల్లగా అరచెయ్యి కిందకు పోనిస్తాను. చెయ్యి పొడిగా బయటికి వస్తేనే ఆ ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతాను.