జున్నులో దొరికిన గడ్డ

మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఒకరోజు పొద్దున్నే నా రెండేళ్ల పరిశోధనను చెంచాతో తినేశారు. తిని, తీపి సరిపోలేదని మా అమ్మతో చెప్పారు కూడా. తప్పు ఆయనది కాదు, అచ్చంగా నాది. ఎంత తప్పో చెబుతాను. ఇందులో నేను తెలివైనదానిలా కనిపించే చోటు ఒక్కటి దొరికినా నాకు చెప్పండి, దాచుకుంటాను.

అప్పుడు నేను మదనపల్లె దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొత్త లెక్చరర్ని. పుంగనూరులో మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లివచ్చేదాన్ని. మైక్రోవేవ్ తరంగాలతో రొమ్ములోని గడ్డను కనిపెట్టే యంత్రం తయారీ నా పని. ఒక తొట్టి చుట్టూ చిన్న చిన్న యాంటెన్నాలు ఉంటాయి. సెల్‌ఫోన్ సిగ్నల్ లాంటి తరంగాలను అతి తక్కువ బలంతో లోపలికి పంపుతాయి. గడ్డ ఉన్నచోట అవి వేరే తీరుగా చెదురుతాయి. ఆ తేడాను కంప్యూటర్ బొమ్మగా గీస్తుంది. ఎక్స్‌రే లేదు, నొక్కడం లేదు. మనుషుల దాకా ఇంకా రాలేదు కాబట్టి నమూనాలతో సరిపెట్టుకునేవాళ్లం. నమూనా అంటే ఏమీ లేదు, జెల్లీకి వాడే చైనాగ్రాస్, నూనె, గోధుమపిండి, ఆ నూనె నీళ్లలో కలవడానికి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. ఉడికించి ఫ్రిజ్‌లో పెడితే లేత గోధుమరంగులో వణుకుతూ చూడముచ్చటగా ఉండేది.

ఈ యంత్రం గురించి చుట్టాలందరి దగ్గరా డప్పు కొట్టాను. ఆ చప్పుడు పెద్దపంజాణిలో ఉండే మా రెడ్డెమ్మ పెద్దమ్మ దాకా వెళ్లింది. ఆమెకు రొమ్ములో గడ్డ తగిలి అప్పటికి రెండు నెలలు. మామోగ్రామ్ తీయించుకోమని నేనూ అమ్మా బతిమాలని రోజు లేదు.

"రెండు పలకల నడాన పెట్టి అదుముతారంట. నేను రాను పో!"

"నిమిషం పనే పెద్దమ్మా."

"నీ మిషను అదమదు అంటివే, దాంట్లో సూడు."

"దాన్ని ఇంకా మనుషులకి వాడకూడదు."

పెద్దమ్మ బేరం పెట్టింది. "కుప్పంలో డాక్టర్లకి సూపిస్తాండావంట గదా, ఆడికి నేనూ వస్తా. కోయకుండానే లోపలుండే గడ్డని కనిపెడితే, మిషన్లు నిజం సెప్తాయని నమ్మి నువ్వు సెప్పిన సోటికి వస్తా. కనిపెట్టలేదంటే మళ్లీ నా జోలికి రాగూడదు."

డాక్టర్లు ఏమనుకున్నా ఫరవాలేదు గానీ, పెద్దమ్మ ముందు యంత్రం తప్పు చెప్పకూడదు. నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఎక్కడలేని జాగ్రత్తా పడ్డాను. నమూనాను సులువుగా గుర్తుపట్టాలని పెద్దమ్మ గృహప్రవేశంలో పంచిన స్టీలు గిన్నెలో పోశాను. దాని మీద 'రెడ్డెమ్మ' అని చెక్కి ఉంది. లోపల గడ్డకు బదులు గోలీ అంత పిండి ఉండను, గడియారంలో మూడు ఉండే వైపు దాచాను. అలాంటి గిన్నెలు ఇంకా బోలెడు పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాయన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఆమె ఆవు ఈనింది. జున్ను వండి, అదే రకం గిన్నెలో మా ఇంటికి పంపింది. అమ్మ దాన్ని ఫ్రిజ్‌లో నా గిన్నె పక్కనే పెట్టింది. పొద్దున్నే నేను 'రెడ్డెమ్మ' అన్న పేరు చూసి, గిన్నె చంకన పెట్టుకుని కుప్పం బస్సెక్కాను.

ఆస్పత్రి హాల్లో ముందు వరసలో పెద్దమ్మ. గడ్డ ఎక్కడుందో కాగితం మీద రాసి, కవరులో పెట్టి పెద్ద డాక్టరమ్మ చేతికిచ్చాను. గిన్నెలోది పల్చటి ప్లాస్టిక్ సంచిలోకి వైపు మారకుండా జార్చి తొట్టిలో దించాను. ఆ హడావిడిలో నా ముక్కు సెలవు పెట్టినట్టుంది, వాసనే తెలియలేదు.

తెరమీద గడ్డ కనిపించింది. తొమ్మిది వైపు!

డాక్టరమ్మ కవరు చించారు. "మీరు మూడని రాశారు. దేన్ని నమ్మమంటారు?"

"వైరు వదులైనట్టుంది మేడమ్."

వైర్లన్నీ ఊడదీసి బిగించాను. మళ్లీ తొమ్మిదే, ఈసారి ఇంకాస్త స్పష్టంగా. పెద్దమ్మ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"పోనీ, కోసి చూద్దాం" అన్నారు డాక్టరమ్మ.

కత్తి దిగగానే హాలంతా యాలకుల వాసన. తొమ్మిది వైపు ఉసిరికాయంత బెల్లం గడ్డ!

"అయ్యో, అది నేను సేసిన జున్నప్పా!" అని పెద్దమ్మ లేచి నిలబడింది.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను. "యాడుండావే? హెడ్మాస్టరు సారుకి జున్ను ఇస్తే, తిన్నకాడ్నించీ దగ్గినప్పుడల్లా నోట్లోంచి బుడగలు వస్తాండాయి!"

"ఏ గిన్నెలోది ఇచ్చినావు?"

"రెడ్డెమ్మక్క పేరుండే గిన్నెలోదే. నడాన ఏందో గుండ్రంగా తగిలిందంట. జీడిపప్పనుకోని మింగేసినాడు."

అంటే నా గడ్డ హెడ్మాస్టరు గారి పొట్టలో ఉంది. డాక్టరమ్మ నమూనాలో ఏమేం కలిపానో అడిగి, నవ్వు ఆపుకుని, మంచినీళ్లు తాగించి కనిపెట్టుకుని ఉండమని ఫోనులో అమ్మకు చెప్పారు. నేను కుర్చీలో కూలబడి ఏడుపు మొదలుపెట్టాను.

పెద్దమ్మ వచ్చి భుజం తట్టింది. "యాల ఏడుస్తావు? బెల్లం కరగలేదని వండిన నాకే తెలీదు. మోసకొచ్చిన నీకూ తెలీదు. కోయకముందే దానికి తెలిసింది గదా! కాగితం రాసిన నువ్వే తప్పు, మిషను కాదు. పద, యాడ అదుముతారో సూపించు."

ఆ రోజే మామోగ్రామ్ అయింది. తర్వాత సూదితో పరీక్ష కూడా చేశారు. "భయం లేదు, ఉత్త నీటితిత్తి" అని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆస్పత్రి వరండాలో నేను మళ్లీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో. పెద్దమ్మ మాత్రం, "అదిమితే నొప్పే పాపా. నీ మిషను తొందరగా కానీ" అని విసుక్కుంది.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట అన్నం, కూర, జున్ను ఉండే ఫ్రిజ్‌లో పరిశోధన అనే పదార్థాన్ని పెట్టనని, గిన్నె మీది పేరును జన్మలో నమ్మనని హెడ్మాస్టరు గారి పొట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆయన నిక్షేపంగా ఉన్నారు. కాకపోతే మా ఇంటి నుంచి ఏ గిన్నె వెళ్లినా, మూత తీయకుండా ముందు ఒక మాట అడుగుతారు.

"మిషన్లో పెట్టి సూసినారా అమ్మా?"